తొట్టిలో పుదీనా

"ఆపండి! ముందు మంట ఆపండి!"

మా ఇంటి కోడలు సూదాబే అరుపుకు నా చేతిలో టీ ఒలికింది. పెరట్లోకి పరుగెత్తేసరికి పన్నీరు బట్టీ దగ్గర మనిషికి మనిషి కనబడడం లేదు. రాగి కూజాలోకి చల్లగా, చుక్కలు చుక్కలుగా దిగాల్సిన పన్నీరు గొట్టం అతుకుల్లోంచి బుసలు కొడుతూ ఆవిరైపోతోంది. వీధి వీధంతా గులాబీల వాసన. దారినపోయేవాళ్లు ఆహా అనుకునే ఉంటారు. మాకు మాత్రం అది కళ్లముందే గాల్లో కలిసిపోతున్న రాబడి.

మేనల్లుడు ఫర్షాద్ వంగి పొయ్యి కట్టేశాడు. మొహమంతా చెమట, ఆవిరి.

"ఏమైందిరా?" అన్నాను.

"చల్లబడ్డం లేదత్తా. పంపు మూలుగుతోంది గానీ గొట్టంలోకి ఏమీ రావట్లేదు. ఎక్కడో అడ్డం పడింది."

మా వదిన ఎస్మత్ పూల గుట్ట పక్కన నిలబడి ఉంది. తెల్లవారకముందే కోసుకొచ్చిన పూలవి. ఎండెక్కితే సారం పోతుంది, ఇక ఎందుకూ పనికిరావు. మామూలుగా అయితే ఈపాటికి కోడల్ని ఉతికి ఆరేసి ఉండేది. ఇవాళ ఒళ్లంతా కప్పుకున్న చాదర్ అంచు పళ్లతో బిగబట్టి గోడ వంక చూస్తోంది. నలభై ఏళ్లుగా ఆమెకు ఆడపడుచుని. నోరు చేసుకోవాల్సిన చోట ఎస్మత్ వదిన నోరు మెదపలేదంటే అనుమానించకుండా ఎలా ఉంటాను?

ఈ చల్లార్చే యంత్రం మీద ఇంట్లో మొదలైన యుద్ధం ఇంకా ముగియనే లేదు. తాతల నాటి నుంచి మా ఊరు ఖమ్సర్‌లో, పూలు మరిగే డేగిసాలోంచి గొట్టం దిగే కూజాను పారే ఊట నీళ్లలో కూర్చోబెట్టి ఆవిరిని చల్లార్చడమే అలవాటు. ఈ ఏడు ఊట సన్నగిల్లింది. పెళ్లాం మాట మీద ఫర్షాద్ మా వంతు నీళ్లు కింది తోటలకు వదిలేశాడు. ఇప్పుడు కూజా చుట్టూ రాగి గొట్టం మెలికలు తిరిగి ఉంటుంది. అందులో సూదాబే కలిపిన తెల్ల నీళ్లు తిరుగుతాయి. అవి వేడిని మోసుకుపోయి, పాత లారీ రేడియేటర్‌లో ఫ్యాను గాలికి చల్లబడి, మళ్లీ తొట్టిలోకి వస్తాయి.

ఆ తెలుపంతా అల్యూమినియం భస్మం. కంటికి ఆనని నానో రేణువులట. ఉత్త నీళ్లకంటే అవి వేడిని తొందరగా లాక్కుంటాయని సూదాబే వాదన. యూనివర్సిటీలో ఆమె పరిశోధనంతా దాని మీదే. రేపు పొద్దున సహకార సంఘం పెద్ద షొకూహీ గారు మనుషుల్ని వెంటబెట్టుకుని వస్తున్నారు. చూసి బాగుందంటే లోయలో ఉన్న బట్టీలన్నిటికీ ఆ పొడి తెప్పిస్తారు. ఈ రోజే చూసి ఇది మొరాయించింది.

సూదాబే తొట్టి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని జల్లెడ పైకి తీసింది. దాని నిండా తెల్లటి గడ్డలు.

"నీ మందు గడ్డకట్టింది" అన్నాడు ఫర్షాద్.

"అది ఇలా కట్టదు. పేరుకుంటే అడుగున మెత్తగా బురదలా దిగుతుంది. ఇది చూడు, సాగుతోంది."

ఒక గడ్డను వేళ్ల మధ్య నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లు చిట్లించింది. ఇంకొకళ్లయితే ఆ సమయానికి నెత్తి బాదుకునేవాళ్లు. ఈ పిల్లకు మాత్రం ఇల్లు కాలుతున్నా మంట ఏ రంగులో ఉందో చూడాలి. నాకు ఆమెలో నచ్చేది అదే, మా వదినకు గిట్టనిదీ అదే.

"మొనీరత్తా, ఒకసారి వాసన చూడండి."

చూశాను. "పుల్లగా ఉంది."

"నాకూ అలాగే అనిపించింది." గోటితో జల్లెడ మూల గీకి, ఏదో చిన్నది తీసి అరచేతిలో పెట్టుకుంది. ఆకుపచ్చ పలుకు. "ఇదేమిటి?"

"పుదీనా" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

మా ఇంట్లో ఎండు పుదీనా నలిపి వేసేది ఒక్కదాంట్లోనే. ఉప్పు మజ్జిగలో. ఆ మజ్జిగ చిలికేది ఒక్క మనిషే. అందరి చూపులూ ఒకేసారి ఆ మనిషి మీదకు తిరిగాయి.

ఫర్షాద్‌కు నవ్వాగలేదు. "అమ్మా! రేడియేటర్‌కు దాహం వేసిందా?"

"నోర్ముయ్" అంది ఎస్మత్ వదిన. "పూలు వాడిపోతుంటే పళ్లికిలిస్తావేం? తీసుకెళ్లి పక్కవాళ్ల డేగిసాలో పోయించు. సగం వాటా అడుగుతారు, ఒప్పుకో. వెళ్లు!"

వాడు మూటలు కట్టుకుని వెళ్లిపోయాడు. తలుపు మూసుకున్న చప్పుడయ్యాక పెరట్లో ముగ్గురం మిగిలాం. డేగిసా ఇంకా సలసల మంటోంది.

ముందు మాట్లాడింది సూదాబేనే. గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది.

"ఎందుకు పోశారు అత్తయ్యా?"

"నువ్వే చెప్పావుగా."

"నేనా? మజ్జిగ పొయ్యమన్నానా?"

"కంటికి కనబడనంత చిన్న రేణువులన్నావు. వెంట్రుకను వెయ్యి పోగులు చీల్చినా అంత సన్నంగా రాదన్నావు. విని ఊరుకోవడానికి నేనేమన్నా గొర్రెనా? అంత సన్నంది రాగిలోంచి దూరదని నాకెవరు చెప్పారు? గొట్టానికి అవతల ఉన్నది పన్నీరు. జనం తింటారు, తాగుతారు. మసీదులో చల్లుతారు. మావాళ్ల సమాధులు కడుగుతారు. అందులోకి నీ భస్మం దిగితే పాపం ఎవరిది?"

సూదాబే జల్లెడ పక్కన పెట్టింది. "రాగిలోంచి దూరవు" అంది నెమ్మదిగా. "కానీ ఆ మాట మీరు నన్ను అడగాల్సింది. నేను చెప్పాల్సింది."

"అడిగితే గంటసేపు పాఠం చెప్తావు. మధ్యలో నాకు నిద్రొస్తుంది."

"సరే. తీసేశారు. తీసేసి ఉత్త నీళ్లు పొయ్యొచ్చుగా? మజ్జిగ ఎందుకు?"

"రోజూ పొద్దున్నే మూతెత్తి చూస్తావుగా! తెల్లగా లేకపోతే కనిపెట్టవూ? పాలు పోద్దామనుకున్నా. వేడికి విరుగుతాయని మానేశా. మజ్జిగంటే ఎలాగూ విరిగిందే కదా, ఇంకేం విరుగుతుందని నీళ్లలో కాస్త కలిపా. నీళ్లు తేటపడ్డప్పుడల్లా ఇంకో గిన్నె. వడకట్టే పోశాను" అని చివర్లో కాస్త గర్వంగా చేర్చింది.

నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. నవ్వితే ఇద్దరూ కలిసి నా మీద పడతారు.

"నా మందంతా పారబోశారా?"

"నేనంత తెలివితక్కువదాన్ని కాదు. ఒకరి వస్తువు పారబోస్తానా? వెనిగర్ సీసాల్లో పట్టి నేలమాళిగలో పెట్టా. ఒక్క చుక్క తగ్గితే నన్నడుగు."

అప్పుడు సూదాబే అడిగిన ప్రశ్నకు కారణం నాకు వెంటనే తెలియలేదు.

"ఎప్పుడు మార్చారు?"

"ఎప్పుడైతేనేం?"

"అత్తయ్యా, దయచేసి గుర్తుచేసుకోండి. ఏ రోజు?"

"మంగళవారం. నువ్వు యూనివర్సిటీకి వెళ్లావే, ఆ రోజు సాయంత్రం."

సూదాబే తొట్టి గట్టు మీద కూలబడింది. తడి గట్టు. లంగా తడిసిపోతున్నా కదల్లేదు.

"బుధవారం" అంది. "అన్నిటికంటే బాగా చల్లార్చింది బుధవారమే. ఆ లెక్కలే మా ప్రొఫెసర్‌కు పంపాను. షొకూహీ గారికి ఫోన్ చేసి చెప్పిందీ అవే."

"మంచిదేగా" అంది వదిన. "నీ పేరు నిలబడింది."

"బుధవారం తొట్టిలో నా మందు లేదు అత్తయ్యా. నీళ్లు, మజ్జిగ ఉన్నాయి."

నాకు అప్పుడు తెలిసొచ్చింది. "అంటే... నీ మందు లేకపోయినా ఇది చల్లారుస్తుందన్నమాట" అన్నాను. ఆ పిల్ల మొహం చూశాక ఎందుకన్నానా అనిపించింది. "అయినా ఉత్త నీళ్లతో నడిపి చూడలేదా నువ్వు?"

"లాబ్‌లో చూశాను. అక్కడ తేడా బాగా కనిపించింది. ఇక్కడ చూద్దామంటే పూలాగవుగా! పొద్దున్నే మూటలు దిగుతాయి, మరిగించాలి. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ..." మోచేత్తో కళ్లు ఒత్తుకుంది. "నా మందుకు నిజంగా పనితనం ఉందో, ఆ పాత లారీ రేడియేటర్ గొప్పతనమో నాకు తెలియదు. తెలియకుండానే తెలుసని చెప్పేశాను."

గోడవతల ఎవరింట్లోనో రేడియో మోగుతోంది.

"రేపు వాళ్లకేం చెప్తావ్?" అడిగింది వదిన.

"జరిగింది చెప్తాను."

"మతి పోయిందా నీకు?"

అలా అన్నది మా వదినే. ఆ పొడి ఇంట్లోకి వచ్చిన నాటి నుంచి దాన్ని తిట్టని పూట లేదు. ఇవాళ కోరుకున్నదే జరిగితే ఎగిరి గంతేయాల్సింది పోయి, చేతులు నడుముకు పెట్టుకుని కోడలి ముందు నిలబడింది.

"ఖమ్సర్ కోడలు నానో నీళ్లని చెప్పి మజ్జిగ తిప్పిందంటే నలుగురూ నవ్వరూ? రొట్టెల కొట్టు దగ్గర వరసలో నిలబడేవాళ్లకు ఏడాదికి సరిపడా కబురు. నీ చదువేం కావాలి? ఇన్నేళ్లు ఆ మందు చుట్టూ తిరిగావు. కడిగేసి, నీ మందు పోసి, రేపు వాళ్లకు చూపించు. చల్లారుస్తుందిగా! చూసి వెళ్లిపోతారు. మొనీర్ నోరు నేను కుట్టేస్తా."

"నా నోటికేం వచ్చింది మధ్యలో?" అన్నాను.

"నీ నోటికేం రాలేదు, దాంట్లోంచే అన్నీ వస్తాయి."

సూదాబే తల అడ్డంగా ఊపింది. "చూసి వెళ్లిపోరు అత్తయ్యా, కొంటారు. బట్టీ ఉన్న ప్రతి ఇల్లూ కొంటుంది. పనికొచ్చేదైతే సరే. కాకపోతే? ఊట ఎండిందని ఏడుస్తున్న వాళ్ల చేత భస్మం కొనిపించి..." ఆగింది. ఉన్నట్టుండి లేచి నిలబడింది. ఏడుస్తున్న కళ్లే, కానీ వాటిలో వేరే వెలుగు వచ్చింది. "ఇవాళ పూలు లేవు."

"లేవు. నీ ధర్మమా అని పక్కింట్లో ఉన్నాయి."

"మీ ధర్మమా అని" అంది సూదాబే. మొదటిసారి నవ్వింది. "బట్టీ ఖాళీ. గొట్టాలు కడిగేద్దాం. డేగిసాలో ఉత్త నీళ్లే మరిగించి రెండుసార్లు నడుపుదాం. ఒకసారి మందుతో, ఒకసారి నీళ్లతో. సాయంత్రానికి తేలిపోతుంది. ఒక్కటే షరతు. ఎప్పుడు ఏది పోశారో నాకు తెలియకూడదు."

"నీకే తెలియకపోతే ఎలా?"

"తెలిస్తే నా కళ్లు నాకు కావలసిందే చూస్తాయి. ఇన్నాళ్లూ అదే చూశాయి. నేను గదిలో కూర్చుంటాను. థర్మామీటర్ల తీగలు కిటికీలోంచి లోపలికి లాగుతాను. తొట్టి మీద మూత వేసెయ్యండి. మీరు పోసి కేకెయ్యండి, చాలు."

"నేనా పోసేది?" వదిన గుండె మీద చెయ్యి వేసుకుంది. "మజ్జిగ పోసినదాన్నా?"

"అందుకే మీరు. ఫర్షాద్ అయితే నా మొహం చూసి జాలిపడతాడు. మొనీరత్త కూడా..." నా వైపు చూసి మాట మింగేసింది. "మీకు నా మందంటే పడదు. నా కోసం అబద్ధం చెప్పని మనిషి ఈ ఇంట్లో మీరొక్కరే."

ఇది పొగడ్తో తిట్టో మా వదినకు తేలినట్టు లేదు. చాదర్ తీసి కొక్కేనికి తగిలించి, చేతులు మోచేతుల దాకా మడిచింది.

గొట్టాలు కడగడానికే చాలాసేపు పట్టింది. వేడి నీళ్లు కొట్టినకొద్దీ గడ్డలు వస్తూనే ఉన్నాయి. "ఇంత పోశావా వదినా?" అంటే, "పొయ్యలేదు, అదే పెరిగింది" అంటుంది. అత్తాకోడళ్లిద్దరూ ఒకే గొట్టానికి చెరో పక్క పట్టుకుని ఊపడం ఆ ఇంట్లో నేను మొదటిసారి చూశాను.

తర్వాత సూదాబే గదిలోకి వెళ్లి తెర వేసుకుంది. నేను నేలమాళిగలోంచి సీసాలు మోసుకొచ్చి, గరాటు పట్టుకుని తొట్టి దగ్గర కూర్చున్నాను.

"ముందు ఏది?" అన్నాను గుసగుసగా.

వదిన రెండు వైపులా చూసింది. తెల్ల సీసా ఎత్తింది. "ముందు దీని సంగతే తేలనీ."

తెల్ల నీళ్లు గరాటులోకి దిగాయి. చప్పుడు కూడా పాల చప్పుడే. సీసా అంచున కారిన చుక్కను వదిన వేలితో తుడిచి, బొటనవేలితో రాసి చూసింది. వాసన చూసింది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. అచ్చం కోడలు చేసినట్టే చేస్తోందని ఆమెకు తెలియదు.

"ఏమీ తగలట్లేదే చేతికి" అంది. "అసలు ఇందులో ఏదైనా ఉందంటావా?"

"నన్నడుగుతావేం? లోపలున్న ఇంజినీర్‌ను అడుగు."

"ఇప్పుడడిగితే దొరికిపోమూ?" మూత వేసి, తొట్టి అంచు చుట్టూ రొట్టెపిండి మెత్తింది, డేగిసా మూతికి ఆవిరి పోకుండా మెత్తినట్టే. అవసరం లేదు. కానీ ఆమె పని అలాగే ఉంటుంది. "కానివ్వు, పిల్లా!" అని కేకేసింది.

పంపు తిరిగింది. డేగిసా మరిగింది. కూజాలోకి నీళ్లు చుక్కలు చుక్కలుగా దిగాయి. మేమిద్దరం గోడకు ఆనుకుని, చక్కెర పలుకు బుగ్గన పెట్టుకుని టీ తాగాం.

"ఏడుస్తోందా?" అంది వదిన కిటికీ వైపు చూసి.

"ఎవరు?"

"ఎవరేమిటి, అది."

"ఏడిస్తే నీకేం?"

"నాకేం లేదు." గ్లాసు కింద పెట్టింది. "నేనీ ఇంటికి వచ్చిన కొత్తలో మీ అమ్మకు ఒక మాట చెప్పా. కూజాను మాటిమాటికీ తిప్పుతుంటే తొందరగా చల్లబడుతుందీ అని. గరిటె తిరగేసింది నా మీద. నువ్వు చూశావు."

"చూశాను."

"ఏడాది తిరక్కుండా తనే తిప్పడం మొదలెట్టింది. నువ్వన్నది నిజమే ఎస్మత్ అని ఒక్కసారంటే ఒక్కసారి అనలేదు. చచ్చేదాకా అనలేదు మీ అమ్మ."

మా అమ్మను అంటే మామూలుగా ఊరుకోను. ఆ పూట ఊరుకున్నాను.

తెల్ల నీళ్లు సీసాల్లోకి దించి, గొట్టాలు మళ్లీ కడిగి, రెండోసారి మంచినీళ్లు పోశాం. కుండలోంచి నేనే ముంచి ఇచ్చాను, వదినే పోసింది. ఉత్త నీళ్లు, వాటిలో ఏ తెలుపూ లేదు. మళ్లీ పిండి మెత్తి, మళ్లీ కేకేసింది. ఎండ కొండ మీదకు జారింది. ఈసారి టీ తాగుదామని ఎవరికీ తోచలేదు.

డేగిసా కింద మంట ఆర్పాక, మేము తొట్టి ఖాళీ చేసి కడిగేశాక గాని సూదాబే బయటకు రాలేదు. తల మీద గుడ్డ జారి మెడలో పడింది. చెంపలు ఎర్రగా ఉన్నాయి.

"రెండోసారి బాగా చల్లార్చింది" అంది. "సాయంత్రం గాలి చల్లబడిన లెక్క తీసేశాను. తీసేసినా తేడా ఉంది. చిన్నదే, కానీ ఉంది. మూడుసార్లు సరిచూశాను." వేళ్లు ఒకదాంట్లో ఒకటి పెట్టి నలుపుకుంటోంది. "ఇప్పుడు చెప్పండి అత్తయ్యా. మందు మొదటిదా, రెండోదా?"

రెండోసారి పోసినవి ఉత్త నీళ్లు. పాపం పిల్ల అనుకున్నాను. చెప్పేస్తుంది వదిన, ఏ మొహమాటమూ లేకుండా చెప్పేస్తుంది, ఇన్నేళ్లూ చెప్పినట్టే.

ఎస్మత్ వదిన చేతులకంటిన పిండి గోళ్లతో తీసుకుంటోంది. తీసి తీసి, తలెత్తింది.

"రెండోది" అంది.

సూదాబే ఒక్క అంగలో వచ్చి ఆ పిండి చేతులే పట్టుకుంది. కళ్లకద్దుకుంది, ముద్దు పెట్టుకుంది. ఏమిటేమిటో అంటోంది, సగం ఏడుపు, సగం నవ్వు. "మీరు చెప్పారు కాబట్టి నమ్ముతున్నా. ఇంకెవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు, ఒట్టు. రేపు షొకూహీ గారికి ఇదంతా చెప్తాను. మజ్జిగ సంగతీ చెప్తాను, దాచను. నవ్వితే నవ్వనీ. తర్వాత ఇవాళ్టిది చెప్తాను. పోసింది మా అత్తయ్య, నా మందంటే గిట్టని మనిషి అని చెప్తాను."

"నువ్వన్నది నిజమేనే" అంది వదిన. ఆ మాట ఎంత మెల్లగా అందంటే, పక్కనున్న నాకే సరిగా వినబడలేదు. ఒక చెయ్యి విడిపించుకుని కోడలి తల మీద వేసింది. జుట్టుకు పిండి అంటుకుంటున్నా తియ్యలేదు.

నాకు సంతోషం కలగాలి. ఆ దృశ్యం కోసం ఈ ఇంట్లో నేను ఎన్నిసార్లు మొక్కుకున్నానో! కానీ కళ్ల ముందు లోయలో ఉన్న బట్టీలన్నీ వరసగా కనిపించాయి. ఒక్కో గుమ్మంలో ఒక్కో డబ్బా తెల్ల భస్మం.

సూదాబే కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఇద్దరు సాక్షులుంటే ఇంకా మంచిది. మొనీరత్తా, గరాటు పట్టింది మీరేగా? మీరూ ఒక్కసారి చెప్పండి. రెండోదేగా?"

వదిన నా వైపు చూడలేదు. కోడలి తల నిమురుతూనే ఉంది.

నేను నోరు తెరిచాను.